కత్తిరించిన ముక్క పారేయకూడదు

1851 ఆగస్టు 7న ప్రష్యా విద్యామంత్రి కార్ల్ ఫాన్ రౌమర్ శాఖ నుంచి ఒక ఉత్తర్వు వెలువడింది. రాజ్యంలో ఎక్కడా కిండర్‌గార్టెన్లు నడపకూడదన్నది దాని సారాంశం. పసిపిల్లలు ఉన్ని బంతులతో ఆడుకుంటూ, చెక్క దిమ్మెలు పేర్చుకుంటూ, రంగు కాగితాలు మడిచి, కత్తిరించి, అట్ట మీద అంటించుకునే చోట్లవి. ప్రభుత్వానికి అందులో నాస్తికత్వం కనిపించింది, సోషలిజం కనిపించింది. 1848 తిరుగుబాట్ల బెదురు ఇంకా పోని రోజులు. పైగా మనిషిని పోల్చుకోవడంలో పొరబాటు జరిగింది. తీవ్రమైన రాజకీయ భావాలున్న కార్ల్ ఫ్రోబెల్ రాసిన కరపత్రం ఈ బడులు మొదలుపెట్టిన ఆయన చిన్నాన్న ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ మెడకు చుట్టుకుంది. ఫ్రీడ్రిష్ ఎంత మొరపెట్టుకున్నా ఉత్తర్వు మారలేదు. మరుసటి ఏడు జూన్ 21న ఆయన కన్నుమూశారు. నిషేధం ఎత్తేసింది 1860లో.

డీఎడ్, బీఎడ్ చదివినవాళ్లందరికీ ఫ్రోబెల్ పేరు తెలుసు. కిండర్‌గార్టెన్ పితామహుడు ఎవరు అన్న ప్రశ్నకు జవాబుగా తెలుసు. ఆ జవాబు పరీక్ష దాకా వెళ్లింది కానీ తరగతి గదిలోకి సరిగా రాలేదు. మన బడుల్లో ఒకటో తరగతి గోడ మీద త్రిభుజం, చతురస్రం, వృత్తం రంగు కాగితాలతో మెరుస్తూనే ఉంటాయి. వాటిని కత్తిరించింది టీచరమ్మో, అచ్చు వేసిన కంపెనీయో. పసివాళ్ల చేతికి అసలు కత్తెర ఎందుకిచ్చారు, ఎవరిచ్చారు, మళ్లీ ఎలా పోయింది? ఈ చరిత్ర జర్మనీలోని తురింగియా అడవుల దగ్గర మొదలై మద్రాసు మీదుగా నడుస్తుంది.

ఫ్రోబెల్ 1782లో ఆ ప్రాంతంలోని ఓబర్‌వైస్‌బాఖ్ అనే కొండ గ్రామంలో పుట్టారు. తండ్రి చర్చి పాస్టరు. ఏడాది నిండకముందే తల్లి పోయింది. చదువులో మందకొడి అని ఇంట్లో పేరు పడ్డ ఆ కుర్రాణ్ని అడవుల అధికారి దగ్గర పని నేర్చుకోమని పంపారు. చెట్లు, కొలతలు, భూమి సర్వే అక్కడ వంటబట్టాయి. తర్వాత యేనా విశ్వవిద్యాలయం, ఆపైన ఫ్రాంక్‌ఫర్టులో బడిపంతులు ఉద్యోగం. 1808 నుంచి 1810 వరకు స్విట్జర్లాండులోని ఇవెర్డాన్‌లో విద్యావేత్త పెస్టాలజీ దగ్గర గడిపారు.

మాట కన్నా ముందు వస్తువు రావాలన్నది పెస్టాలజీ పట్టుదల. పిల్లవాడు చూడాలి, తాకాలి, కొలవాలి, ఆ తర్వాతే పేరు చెప్పాలి. 1803లోనే ఆయన గీతలనూ చతురస్రాలనూ క్రమంగా చూపించి కంటికి శిక్షణ ఇచ్చే పుస్తకం వెలువరించారు. ఫ్రోబెల్ దాన్ని గౌరవించారు. కానీ చూడటం దగ్గరే ఆగిపోవడం ఆయనకు చాలలేదు. పిల్లవాడు తన చేత్తో ఒక ఆకారాన్ని మరో ఆకారంగా మార్చినప్పుడే అది అతనిదవుతుందని ఆయనకు అనిపించింది.

ఆ ఆలోచనకు ఊతం ఇచ్చింది బడి కాదు, మ్యూజియం. నెపోలియన్ మీద యుద్ధంలో స్వచ్ఛంద దళంలో పనిచేసి వచ్చాక, 1814లో బెర్లిన్‌లో క్రిస్టియన్ సామ్యూల్ వైస్ దగ్గర ఖనిజాల మ్యూజియంలో సహాయకుడిగా చేరారు. వైస్ స్ఫటికాల శాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒకరు. ఫ్రోబెల్ పని స్ఫటికాలను వేరుచేసి, వర్గీకరించి, భద్రపరచడం. ఉప్పురాయి ఘనాకారంలోనే ఎందుకు పెరుగుతుంది? పగలగొడితే ఏ ముక్కకు ఆ ముక్క మళ్లీ అదే కోణాలతో ఎందుకు విడిపోతుంది? లోపలి నియమం బయటి రూపంగా కనిపించడం ఆయనను పట్టుకుని వదల్లేదు. ప్రకృతి రాయిలో ఏ నియమంతో పనిచేస్తోందో బిడ్డ ఎదుగుదలలోనూ అదే నియమంతో పనిచేస్తోందని ఆయన జీవితాంతం నమ్మారు. ఈ నమ్మకంలో తత్త్వం ఎక్కువ, రుజువు తక్కువ. అయినా పసితనపు చదువులో జ్యామితి అడుగుపెట్టింది ఆ స్ఫటికాల బీరువాల వల్లనే.

1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న పట్టణంలో పసివాళ్ల ఆటపాటల సంస్థ తెరిచారు. 1840 జూన్ 28న దానికి కిండర్‌గార్టెన్ అనే పేరు స్థిరపడింది. అప్పటికి ఆయన వయసు 58.

అక్కడి సామగ్రిని రెండుగా విభజించారు. పిల్లవాడు వాడుకుని మళ్లీ పెట్టెలో సర్దేవి కానుకలు. చేతిపనితో రూపు మార్చేసేవి వ్యాపకాలు. మొదటి కానుక ఆరు రంగుల ఉన్ని బంతులు. రెండోది చెక్కతో చేసిన గోళం, స్థూపం, ఘనం. మూడు నుంచి ఆరు దాకా రకరకాలుగా ముక్కలయ్యే ఘనాలు. ఏడో కానుక దగ్గర మందం మాయమవుతుంది. అవి పల్చటి చెక్క పలకలు: చతురస్రం, దాన్ని కర్ణం మీద కోస్తే వచ్చే త్రిభుజం, సమబాహు త్రిభుజం, సగం సమబాహు త్రిభుజమైన లంబకోణ త్రిభుజం, 120 డిగ్రీల కోణమున్న సమద్విబాహు త్రిభుజం. ఆ తర్వాత గీతకు బదులు పుల్లలు, చివరికి చుక్కకు బదులు గింజలు. ఘనం నుంచి తలానికి, తలం నుంచి గీతకు, గీత నుంచి బిందువుకు దిగే మెట్లన్నమాట. వ్యాపకాలు ఆ మెట్లనే పైకి ఎక్కుతాయి. సూదితో కాగితానికి చిల్లులు పొడవడం బిందువు. ఆ చిల్లుల గుండా దారం కుట్టడం గీత. కాగితపు పట్టీలు అల్లడం, చదరపు కాగితం మడవడం, కత్తిరించి అంటించడం తలం. నానబెట్టిన బఠాణీలకు పుల్లలు గుచ్చి పందిరి కట్టడం, చివరన మట్టి పిసకడం ఘనం. చుక్కలు పెట్టి, గీతలు కలిపి, తలాన్ని నింపే ఈ దారి మన ముంగిట్లో చుక్కల ముగ్గు నడిచే దారే.

కాగితం కత్తిరింపు వ్యాపకాన్ని కాస్త ఆగి చూడాలి. ఫ్రోబెల్ పద్ధతిలోని బుద్ధి అంతా అక్కడే ఉంది. పిల్లవాడి చేతికి ఒక చదరపు కాగితం, కొన మొద్దుగా ఉన్న కత్తెర ఇస్తారు. ముందు కర్ణం మీద మడవాలి. రెండు పొరల త్రిభుజం వస్తుంది. దాన్ని సగానికి మడిస్తే నాలుగు పొరలు. ఇంకోసారి మడిస్తే ఎనిమిది. ఇప్పుడు చేతిలో ఉన్న చిన్న త్రిభుజంలో ఒక మూల అసలు కాగితానికి నడిబొడ్డు. అక్కడి కోణం 45 డిగ్రీలు. ఆ మూలను రెండు అంచుల మీదా సమాన దూరంలో ఒక్క కోతతో తెగ్గొట్టి విప్పితే మధ్యలో అష్టభుజి ఆకారంలో రంధ్రం కనిపిస్తుంది. అదే కోతను ఒక అంచుకు లంబంగా వేస్తే రంధ్రం చతురస్రమవుతుంది. ఒక అంచు మీద దూరంగా, మరో అంచు మీద బాగా దగ్గరగా ఏటవాలుగా కోస్తే నక్షత్రం. కోత ఒకటే, కత్తెర ఒకటే, మారింది వాలు మాత్రమే. ఐదేళ్ల బిడ్డకు సౌష్ఠవమన్న మాట చెప్పక్కర్లేదు. కాగితం విప్పిన క్షణాన అది కళ్లముందే ఉంటుంది. రెండోసారి కోసేముందు ఏం వస్తుందో ఊహించమంటే, జ్యామితిలో అసలు పని మొదలైనట్టే.

ఇంతటితో అయిపోదు. కోసి తీసిన ముక్కల్లో ఒక్కటీ పారేయకూడదన్నది కిండర్‌గార్టెన్ నియమం. రంధ్రంలోంచి రాలిన తునకలు, అంచుల్లోంచి ఊడిన త్రిభుజాలు, అన్నీ వేరే కాగితం మీదకు రావాలి. మధ్య బొమ్మ చుట్టూ వాటిని పేర్చాలి. కుడివైపు ఒకటి పెడితే ఎడమవైపు దాని జత పెట్టాలి. నచ్చిన అమరిక కుదిరాక జిగురుతో అంటించాలి. పిల్లవాడు మొదట అందుకున్న చదరపు కాగితం ఎంతో, అంటించిన ముక్కలన్నీ కలిపితే అంతే. రూపం వంద విధాల మారినా వైశాల్యం మారదన్న సంగతి పై తరగతుల్లో సూత్రంగా వస్తుంది. ఇక్కడ అది చేతి అలవాటుగా వచ్చేస్తుంది. పొదుపు నేర్పడం కోసమే ఈ నియమం పెట్టారనుకుంటే దాని విలువలో సగమే చూసినట్టు.

ఒకే ముక్కలతో మూడు రకాల పనులు చేయించేవారు. ఇల్లు, పడవ, చెట్టు లాంటి బతుకులో చూసేవి ఒక వరస. నక్షత్రాలు, పూల చక్రాలు సౌందర్య రూపాలు. ఇక మూడోది జ్ఞాన రూపాలు: రెండు త్రిభుజాలు కలిస్తే చతురస్రమవుతుందా, నాలుగు కలిస్తే ఎంత పెద్దదవుతుంది, ఎనిమిదింటితో ఎన్ని రకాల దీర్ఘచతురస్రాలు వస్తాయి? పొద్దున ఇంటికి పైకప్పు అయిన త్రిభుజమే కాసేపటికి నక్షత్రపు రేకు, ఇంకాసేపటికి చతురస్రంలో సగం. పేరు చెప్పి బట్టీ పట్టించే పద్ధతిలో త్రిభుజం ఎప్పటికీ త్రిభుజంగానే మిగిలిపోతుంది.

ఈ పద్ధతిని ఆయన తర్వాత బతికించింది ఆడవాళ్లు. చదువుకున్న స్త్రీలకు ఉద్యోగాల తలుపులు దాదాపు మూసి ఉన్న కాలంలో, కిండర్‌గార్టెన్‌ను స్త్రీలు నడపాలని ఫ్రోబెల్ అన్నారు. వాళ్లకు శిక్షణ ఇచ్చారు. శిక్షణలో భాగంగా ప్రతి ఒక్కరూ తమ మడతలు, అల్లికలు, కత్తిరింపులు అంటించిన ఆల్బములు తయారుచేసుకునేవారు. అలాంటి ఆల్బములు ఇప్పటికీ మ్యూజియముల్లో ఉన్నాయి. వాటి నక్షత్రాలు, చక్రాలు చూస్తే శిక్షణ ఎంత కఠినమైనదో తెలుస్తుంది. 1849లో ఆయన్ను కలిసిన బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్ బ్యూలో యూరప్ దేశాలన్నీ తిరిగి ప్రచారం చేశారు. 1851లో బెర్తా రోంగె లండన్‌లో బడి పెట్టారు. చార్లెస్ డికెన్స్ నడిపిన పత్రిక 1855లో ఈ బడుల మీద వ్యాసం వేసింది. 1856లో మార్గరెత్ షుర్ట్స్ అమెరికాలోని విస్కాన్సిన్‌లో జర్మన్ కుటుంబాల పిల్లల కోసం ఒకటి మొదలుపెట్టారు. 1860లో ఎలిజబెత్ పీబడీ బోస్టన్‌లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లల కోసం తెరిచారు. సొంతగడ్డ మీద నిషేధించిన చదువు పదేళ్లు తిరగకుండా సముద్రం దాటింది. జపానులో 1876లో తోక్యో మహిళా నార్మల్ స్కూలుకు అనుబంధంగా కిండర్‌గార్టెన్ వెలిసినప్పుడు, అక్కడ అప్పటికే తరాలుగా ఉన్న ఒరిగామితో ఈ మడతలు కలిసిపోయాయి.

అమెరికాలో వ్యాపారం తోడైంది. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇంటి ఆటలు అచ్చేసి అమ్మే మిల్టన్ బ్రాడ్లీ, పీబడీ ప్రసంగం విన్నాక 1869లో ఎడ్వర్డ్ వీబె రాసిన కిండర్‌గార్టెన్ చేతిపుస్తకం ప్రచురించారు. కానుకల పెట్టెల తయారీ మొదలుపెట్టారు. ఆయనది నిజమైన శ్రద్ధ. బడి కాగితాల రంగులు ఒక్కో కట్టలో ఒక్కోలా ఉండకూడదని, రంగులకు ప్రమాణాలు కట్టి, 1890లో తరగతి గదిలో రంగుల మీద పుస్తకం కూడా రాశారు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఈ కానుకలు చూసిన అన్నా రైట్ అనే తల్లి తన కొడుక్కి ఒక పెట్టె తెచ్చిచ్చింది. ఆ కొడుకు ఫ్రాంక్ లాయిడ్ రైట్. ఇరవయ్యో శతాబ్దపు పెద్ద వాస్తుశిల్పుల్లో ఒకరైన రైట్, ఆ దిమ్మెల స్పర్శ తన వేళ్లలోంచి ఎన్నడూ పోలేదని ముసలితనంలో కూడా చెప్పుకున్నారు.

అయితే కంపెనీలు రావడంతో ఇంకో మార్పూ వచ్చింది. ముందే అచ్చుతో కోసి, వెనకవైపు జిగురు పూసిన రంగు ఆకారాలు డబ్బాల్లో వచ్చాయి. వేలితో తడి చేసి అంటిస్తే చాలు. నలభై మంది పిల్లలున్న గదిలో టీచరుకు ఇది ఎంత సౌకర్యమో చెప్పక్కర్లేదు. కానీ త్రిభుజం ఏ చతురస్రంలోంచి ఊడివచ్చిందో పిల్లవాడికి తెలియకుండా పోయింది. రాలిన తునకను ఏం చేయాలన్న ప్రశ్నే లేకుండా పోయింది. అంటించడం మిగిలింది, కోయడం పోయింది. చదువు పోగొట్టుకున్నది సరిగ్గా అక్కడే.

సరిగ్గా ఆ కాలంలోనే, ఫ్రోబెల్ కాగితపు పెట్టె మద్రాసులో ఒక ప్రభుత్వోద్యోగి చేతికి చిక్కింది. ఆయన పేరు టి. సుందరరావు. తండాలం సుందరరావు అన్నది పూర్తి పేరు. అప్పటి పుస్తకాల్లో ఇంగ్లీషు అక్షరక్రమం ప్రకారం సుందర రో అని కనిపిస్తుంది. కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న రోజులు. ఇంగ్లీషు బడుల్లో యూక్లిడ్‌ను సిద్ధాంతం తర్వాత సిద్ధాంతంగా వల్లె వేయించేవారు. 1893లో మద్రాసులోని అడిసన్ కంపెనీ ప్రచురించిన ఆయన పుస్తకం జామెట్రిక్ ఎక్సర్‌సైజెస్ ఇన్ పేపర్ ఫోల్డింగ్ ఆ వల్లెవేతకు నేరుగా ఎదురునిలిచింది.

పుస్తకానికి ప్రేరణ ఏమిటో సుందరరావు ముందుమాటలో దాపరికం లేకుండా చెప్పారు. కిండర్‌గార్టెన్ ఎనిమిదో కానుకగా అమ్ముతున్న కాగితం మడతల పెట్టె. దేన్ని కానుక అనాలి, దానికి ఏ సంఖ్య ఇవ్వాలి అన్నది తయారీదారును బట్టి మారేది కాబట్టి ఆయన చూసిన పెట్టె మీద ఎనిమిది అని ఉంది. అందులో రకరకాల రంగుల చదరపు కాగితాలు 200, మడత నొక్కే పుల్ల, బొమ్మలు, సూచనలు. పసివాళ్ల కోసం వచ్చిన ఆ పెట్టెను చూసి, ఇదే కాగితంతో కాలేజీ జ్యామితి ఎందుకు చేయకూడదని ఆయన అడిగారు. కంపాస్, స్కేలు అక్కర్లేదన్నారు. కావలసింది చిన్న కలం కత్తి, సమాన దూరాలు గుర్తు పెట్టుకోవడానికి కొన్ని చిత్తు కాగితం ముక్కలు. అంతే.

మొదటి పాఠం చతురస్రంతోనే. అంచులు వంకరటింకరగా ఉన్న కాగితం తీసుకుని, మడిచి, మడతమీద కోసి, దాన్ని చతురస్రంగా ఎలా తెచ్చుకోవాలో చూపిస్తారు. ఆపైన నాలుగు మూలలనూ మధ్యకు మడిస్తే లోపల సగం వైశాల్యమున్న చతురస్రం వస్తుంది. రెండో అధ్యాయం సమబాహు త్రిభుజం. కాగితాన్ని నిలువునా సగానికి మడిచి విప్పి, అడుగు మూలల్లో ఒకదాన్ని కదలకుండా పట్టుకుని, రెండో మూలను ఆ నడిమి మడత మీదకు తేవాలి. అది తాకిన చోటే త్రిభుజం కొన. 60 డిగ్రీల కోణం కొలత లేకుండా చేతిలోకి వస్తుంది. ఎందుకు వస్తుందో ఆలోచిస్తే రుజువు కూడా అందులోనే దొరుకుతుంది: కింది భుజమే లేచి పక్క భుజమైంది, నడిమి మడత మీదున్న బిందువు రెండు మూలలకూ సమానదూరంలో ఉంది. ఇలా షడ్భుజి, అష్టభుజి, పంచభుజి, శ్రేఢులు, చివరికి పరవలయాలు, దీర్ఘవృత్తాల దాకా మడుస్తూ వెళ్లారు. పదేళ్ల పిల్లవాడు అందుకోగలిగిన చోట మొదలై, డిగ్రీ విద్యార్థి తడుముకునే చోట ముగిసే పుస్తకం అది. పసితనపు ఆటకూ పెద్ద గణితానికీ మధ్య గోడ లేదని అంత నిండుగా చూపించిన భారతీయ పుస్తకం ఆ శతాబ్దంలో మరొకటి చెప్పడం కష్టం.

జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ 1895లో ప్రచురించిన జ్యామితి ఉపన్యాసాల్లో ఈ మద్రాసు పుస్తకాన్ని ప్రస్తావించారు. ఫ్రోబెల్ దేశం నుంచి మద్రాసు వచ్చిన ఆలోచన, గణితంగా పెరిగి మళ్లీ ఆ దేశమే చేరుకుంది. క్లైన్ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన అమెరికన్లు బీమన్, డేవిడ్ యూజీన్ స్మిత్ ఆ ప్రస్తావన చూసి సుందరరావు పుస్తకం తెప్పించుకున్నారు. 1901లో షికాగోలోని ఓపెన్ కోర్ట్ సంస్థ ద్వారా మళ్లీ ప్రచురించారు. గీసిన బొమ్మలతో పాటు నిజంగా మడిచిన కాగితాల ఫొటోలు అందులో చేర్చారు. ఆ పుస్తకం ఇప్పటికీ అచ్చులో ఉంది. 1936లో ఇటలీ గణితవేత్త మార్గెరిటా బెలోఖ్, స్కేలుకూ కంపాస్‌కూ లొంగని ఘన సమీకరణాలు కాగితం మడతకు లొంగుతాయని చూపించారు. ఇన్ని జరిగినా, మన పాఠ్యపుస్తకాల్లో సుందరరావు పేరు రామానుజన్ పేరు పక్కన అంతగా కనిపించదు. తెలుగు పిల్లలు చదివే గణిత పుస్తకంలో ఆయనకు ఒక పేజీ దక్కాలి.

అవతల అమెరికాలో ఫ్రోబెల్ మీద తిరుగుబాటు మొదలైంది. అది న్యాయమైన తిరుగుబాటు. ఆయన శిష్యుల శిష్యులు ఆటను డ్రిల్లుగా మార్చేశారు. టీచరు చెప్పిన క్షణానికి అందరూ ఒకేసారి మడవాలి, ఒకే చోట కోయాలి, ఒకే నక్షత్రం అంటించాలి. సన్నటి చిల్లులు, సన్నటి అల్లికలు లేత కళ్లకూ వేళ్లకూ భారమని మానసిక శాస్త్రవేత్త స్టాన్లీ హాల్ అభ్యంతరం చెప్పారు. వృత్తంలో విశ్వ ఐక్యత ఉందన్న ప్రతీకల భాష పిల్లలకు పట్టదని, నిజమైన పని, నిజమైన వస్తువులు కావాలని తత్త్వవేత్త జాన్ డ్యూయీ వాదించారు. కిండర్‌గార్టెన్ టీచరు పాటీ స్మిత్ హిల్ పెద్ద పెద్ద దిమ్మెలు తయారుచేయించి, పిల్లలకు తోచినట్టు కట్టుకోమన్నారు. పుట్టినరోజు నాడు ప్రపంచమంతా పాడే పాటకు మూలమైన బడి పాటను 1893లో అక్క మిల్‌డ్రెడ్‌తో కలిసి వెలువరించింది ఈమే. విమర్శకులు చెప్పినదాంట్లో ముప్పాతిక వంతు నిజం. వాళ్ల దెబ్బ తగలాల్సింది పెత్తనానికి. కానీ ఆ ఊపులో కత్తిరింపులోని జ్యామితి కూడా చాలా చోట్ల బయటికి పోయింది. కాగితం పని అలంకారంగా మిగిలింది.

మరియా మాంటిస్సోరి దారి వేరు. 1907 జనవరి 6న రోమ్‌లో శాన్ లొరెంజో పేటలో మొదలైన ఆమె బాలల ఇంట్లో జ్యామితికి ప్రత్యేకంగా ఒక బీరువా ఉండేది. చెక్క చట్రాల్లో ఇమిడే నీలిరంగు ఆకారాలు, ఒక్కోదానికి పట్టుకోవడానికి బొడిపె. పిల్లవాడు రెండు వేళ్లతో ఆకారం అంచు తడిమి, చట్రం అంచు తడిమి, ఏది దేన్లో పడుతుందో తానే చూసుకోవాలి. తప్పు పెడితే పట్టదు కాబట్టి టీచరు దిద్దక్కర్లేదు. తర్వాత కార్డులు: రంగు నిండిన ఆకారం, లావు గీత, సన్న గీత. చెక్క మెల్లగా గీతగా మారిపోతుంది. 1934లో బార్సిలోనాలో ఆమె జ్యామితి బోధన మీదనే పెద్ద పుస్తకం ప్రచురించారు. ఐదేళ్ల తర్వాత, 1939లో, దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద కొడుకు మారియోతో మద్రాసులోని అడయారు వచ్చారు. మొదటి శిక్షణకు దాదాపు 300 మంది చేరారు. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగాక బ్రిటిష్ ప్రభుత్వం మారియోను నిర్బంధించింది. ఆగస్టు 31న ఆమె 70వ పుట్టినరోజుకు విడిచిపెట్టింది. 1946 దాకా మద్రాసు, కొడైకెనాల్, ఇతర చోట్ల ఆమె శిక్షణ తరగతులు నడిచాయి. దక్షిణాది పట్టణాల్లో మాంటిస్సోరి పేరు పెట్టుకున్న బడులకు బీజం అదే.

ఆ చక్కటి చెక్క సామగ్రి ఖరీదు పల్లెటూరి బడికి అందదు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1920లోనే భావనగర్‌లో బాలమందిరం పెట్టి ఆ పద్ధతిని మన నేలకు తగ్గట్టు మలచడం మొదలుపెట్టారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో ఠాణే జిల్లా బోర్డీ గ్రామానికి వెళ్లి, తర్వాత అనుతాయి వాఘ్‌తో కలిసి కోస్బాడ్ ఆదివాసీల పిల్లల మధ్య పనిచేశారు. ఆకులు, గులకరాళ్లు, గింజలు, మట్టి అక్కడి బోధన సామగ్రి. ఆకారం నేర్పడానికి జర్మన్ పెట్టె కానీ ఇటాలియన్ బీరువా కానీ అక్కర్లేదని వాళ్లు చేసి చూపించారు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన అంగన్‌వాడీల వెనక ఇలాంటి పసిపిల్లల బడుల అనుభవం ఉంది.

తెలుగు ఊళ్లలో మాత్రం కత్తిరించి అంటించే జ్యామితి బడి పాఠంగా కన్నా పండగ పనిగా బతికింది. పంద్రాగస్టుకు ముందురోజు బడి వరండాలో, శ్రీరామనవమి పందిట్లో పిల్లలు బారులు తీరి కూర్చుంటారు. పల్చటి రంగు కాగితాల కట్టను మడిచి, చదరాలుగా కోసి, మళ్లీ కర్ణం మీద కోసి త్రిభుజాలు చేస్తారు. మైదాపిండి ఉడికించిన జిగురుతో, అదీ లేకపోతే అన్నం మెతుకులతో, పురికొసకు అంటిస్తారు. కత్తెర బాగా నడిచే పిల్ల ఒకటే కోతతో పది పొరలు కోస్తుంది. ఒక చదరానికి రెండు జెండాలు వస్తాయని, అడ్డంగా కోస్తే జెండా పొడుగు మారుతుందని, అంచు వెడల్పు సరిపోకపోతే కొస మీద నిలవదని ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు. పాఠం మొత్తం అక్కడే జరుగుతుంటే, మర్నాటి తరగతిలో అదే త్రిభుజం నిర్వచనంగా నల్లబల్ల మీదకు వస్తుంది. ఈ రెంటినీ కలిపే మాట ఒక్కటి టీచరు నోట వస్తే చాలు.

ఆ మాట ఎందుకు అవసరమో 1957లో డచ్ టీచర్ల జంట తేల్చి చెప్పింది. పియెర్ వాన్ హీలె, డీనా వాన్ హీలె ఉట్రెఖ్ట్ విశ్వవిద్యాలయంలో సమర్పించిన పరిశోధనల సారాంశం ఇది: పిల్లలు ఆకారాన్ని మొదట మొత్తంగా, చూపు పోలికతో గుర్తుపడతారు. భుజాలెన్ని, కోణాలెలా ఉన్నాయి అన్నది తర్వాతి మెట్టు. ఒక ఆకారానికీ ఇంకో ఆకారానికీ చుట్టరికం తెలిసేది ఆ పైమెట్టు. వయసు పెరిగితే ఈ మెట్లు వాటంతట అవి ఎక్కేవి కావు, తగిన పనులు చేయించాలి. అందుకే గోడ మీది చార్టు చాలదు. చార్టులో త్రిభుజం ఎప్పుడూ అడుగు నేలకు ఆనించి, కొన పైకి పెట్టి నిలబడి ఉంటుంది. తలకిందులు చేస్తే చాలామంది పిల్లలు అది త్రిభుజం కాదంటారు. చతురస్రాన్ని మూల మీద నిలబెడితే డైమండ్ అంటారు. చేతిలోని కాగితం ముక్క అలా ఒక్క భంగిమలో నిలవదు. తిప్పుతారు, బోర్లిస్తారు, కింద పడేస్తారు, తీసి మళ్లీ పెడతారు. అన్ని దిక్కులా అది అదే ముక్క.

డీనా 1958లోనే పోయారు. పియెర్ మాత్రం ఆ పని దశాబ్దాల పాటు కొనసాగించారు. 1999లో అమెరికాలో ప్రాథమిక బడుల టీచర్ల పత్రికకు రాసిన వ్యాసంలో జ్యామితి ఆలోచన ఆటతో మొదలవ్వాలన్నారు. అందుకు ఆయన ఎంచుకున్నది దీర్ఘచతురస్రాన్ని ఏడు ముక్కలుగా కోసిన ఒక పజిల్. అందులో సమబాహు త్రిభుజం ఉంది, దాన్ని సగం చేస్తే వచ్చే లంబకోణ త్రిభుజాలున్నాయి. ఫ్రోబెల్ ఏడో కానుకలో ఉన్నవే. ఏ రెండు ముక్కలు కలిస్తే మూడోదవుతుంది, ఒకే ఆకారాన్ని ఎన్ని విధాల కట్టవచ్చు అని పిల్లల్ని అడగమన్నారు.

ఇప్పుడు మన అంగన్‌వాడీలకూ ప్రాథమిక బడులకూ సామగ్రి కిట్లు వస్తున్నాయి. నూతన విద్యావిధానం ఆటకు పెద్దపీట వేసింది. కిట్లలో ప్లాస్టిక్ త్రిభుజాలు, నురుగు చతురస్రాలు కోసే వస్తాయి. వాటితో పాటు కొన మొద్దు కత్తెరలు నాలుగు, కోయని రంగు కాగితాల కట్ట ఒకటి కూడా రావాలి. రెండు మడతలు, ఒక కోత, విప్పేముందు ఏం వస్తుందన్న ప్రశ్న. నలభై మంది ఉన్న గదిలోనైనా ఇద్దరికొక కాగితం చొప్పున ఇరవై కాగితాలతో ఆ పూట పాఠం జరుగుతుంది. రాలిన తునకలు ఊడ్చేయకుండా పక్కన పెట్టుకుంటే మరుసటి రోజు పాఠానికి కూడా సరిపోతాయి.